ఎడమ తలుపు

మొంబాసాలో మధ్యాహ్నం ఇనుముకి కూడా చెమట పడుతుంది.
మకూపా రోడ్డు పక్క మా షెడ్డులో
జుహూరా ఆంప్లిఫయర్ని తిరగేసి పట్టుకుంది,
చేపల బజారులో మొప్పలెత్తి చూసే మనిషిలా.

"పెట్టె మీద మూడు వేల వాట్లని ఉంది" అన్నాడు కజూంగు.
"రాసేవాడికి సిరా ఖర్చేగా" అంది.
"ఫ్యూజు చూడు. ఇరవై ఆంపియర్లు.
బండి ఇచ్చేది పద్నాలుగు వోల్టులు.
గుణించుకో. రెండొందల ఎనభై.
అందులో వేడికి పోయేది పోగా
మిగిలిందే పాట."

నేను పనిలో చేరి నాలుగు నెలలు.
అప్పటికే నా చెవిలో పువ్వులు చాలా రాలిపోయాయి.
బంగారు పూత తీగ పాటను బంగారం చెయ్యదు.
గెయిన్ మర వాల్యూం మర కాదు,
పై తూముకీ కింది కాలవకీ కుదిర్చే ఒప్పందం.
బేసు మోగినప్పుడల్లా హెడ్‌లైట్లు కునుకు తీస్తుంటే
కెపాసిటర్ కొనడమంటే
అప్పు తీర్చడానికి కొత్త పర్సు కొనడం.
ముందు గ్రౌండు తీగ చూడాలి.
సముద్రపు గాలి తిన్న ఛాసిస్ మీద
రంగు గీకి, తుప్పు గీకి,
తెల్లటి లోహం కనబడేదాకా గీకి బిగించాలి.
సగం రోగాలు అక్కడే.
మిగతా సగం యజమాని చెవుల్లో, అంటుంది జుహూరా,
వాళ్ళు వెళ్ళిపోయాక.

కజూంగు తెచ్చింది పాత ప్రోబాక్స్.
కిలీఫీ దాకా జనాన్నీ కొబ్బరికాయల్నీ
ఒకసారి ఎవరిదో పెళ్ళిమంచాన్నీ మోసిన బండి.
స్పీకర్లు ముట్టుకోవద్దన్నాడు.
"మా తమ్ముడు కట్టాడివి. చారో.
ఇందులో గొంతు ఎక్కణ్నుంచి వస్తుందో తెలీదు.
ఏ బండిలోనూ ఇలా ఉండదు.
వాడి చేతిలో ఏదో ఉండేది.
ఆంపు మార్చు, చాలు."

చారో పోయి రెండు మసిక వానలు.
ఎలా పోయాడో మేమడగలేదు.

జుహూరా టార్చిలోంచి పెన్సిల్ సెల్లు తీసి
కుడి తలుపు తీగలకు తాకించింది.
కోను టప్పున ముందుకొచ్చింది.
ఎడమ తలుపుకి తాకించింది.
లోపలికి పోయింది.
మళ్ళీ తాకించింది. మళ్ళీ లోపలికే,
పేరు పిలిస్తే తల దించుకునే పిల్లాడిలా.

"తిరగబడ్డాయి" అంది నాతో, మెల్లిగా.
ఒకటి గాలిని తోస్తుంటే ఒకటి లాక్కుంటోంది.
బేసు రెండింటి మధ్యా చచ్చిపోతోంది.
గొంతుకి కూచునే చోటు లేదు,
అందుకే అంతటా ఉన్నట్టుంది.
తమ్ముడి చేతి మహిమ ఇదీ:
ఏ చీకట్లోనో
ఎర్ర తీగా నల్ల తీగా తారుమారవడం.

సోల్డరు జోలికి పోకుండా
ఆంపు దగ్గర మరలు వదులు చేసి మార్చింది.
పాట పెట్టింది.

గొంతు వచ్చి డాష్‌బోర్డు మధ్యలో కూచుంది,
వేలు పెట్టి చూపించేంత ఎదురుగా.
సీటు కింద నిద్రపోతున్న జంతువేదో లేచింది.
నేను ఈల వేశాను.
కజూంగు స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

"బాగుంది" అన్నాడు.
పాట అయ్యాక మళ్ళీ, "చాలా బాగుంది."
తర్వాత, "ముందున్నట్టు చెయ్యగలరా?"

జుహూరా అంతా చెప్పింది.
సెల్లు తాకించి చూపించింది కూడా.
తెలిసింది దాచి డబ్బు తీసుకోవడం ఆవిడకి రాదు.
కోను లోపలికి పోవడం కజూంగు వంగి చూశాడు.
"అంటే పొరపాటు."
"పొరపాటే."
"వాడిదే కదా?"
"సోల్డరు వాడిదే."

స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి
ఆవిడ టీ తాగడానికి వెళ్ళింది.

రసీదు నేనే రాశాను, ఆవిడ చెబుతుంటే:
ఆంప్లిఫయరు ఒకటి. పెట్టె మీది అంకె నమ్మవద్దు.
గ్రౌండు కొత్తగా బిగించాం.
ఎడమ తలుపు తీగలు తిరగబడి ఉన్నవి.
తెలిసే వదిలేశాం.